నీలిపూల స్కర్టు, మూడు చలికాలాలు

మూడేళ్ళ కిందట నవంబరులో, మా విశాఖలో జరిగిన ఒక చేనేత ప్రదర్శనలో 1,650 రూపాయలు పెట్టి ఒక స్కర్టు కొన్నాను. నీలం నేల మీద మీగడ రంగు పూలు, వాటిని చుట్టుకుంటూ సన్నటి తీగలు. మడమకు రెండు అంగుళాల పైకి వస్తుంది. అప్పటి నుంచి చలికాలంలో వారానికి రెండుసార్లు, మిగిలిన రోజుల్లో తోచినప్పుడల్లా వేసుకుంటున్నాను. కొన్న వారంలోనే రాసి ఉంటే అన్నీ పొగడ్తలే రాసేదాన్ని. ఉతికి, ఆరేసి, మూడుసార్లు దర్జీ దగ్గరికి తీసుకువెళ్ళి, లంబసింగి మంచులో తడిపి, ఆఫీసు ఏసీ కింద ఎనిమిదేసి గంటలు కూర్చున్నాక రాస్తున్నాను కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను. నా మాట ముందే చెప్పేస్తాను. ఇలాంటిది కనబడితే కొనండి. అయితే ఏమేం చూసి కొనాలో, పైన ఏది వేస్తే నప్పుతుందో తెలిసి కొనండి.

"విశాఖలో చలెక్కడుంది వదినా, నులివెచ్చని బట్టలు కావాలంటావు?" అని మా ఆడపడుచు అడిగింది. ఆ ప్రశ్న చాలామందికి వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత 18 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, పగలు 28కి చేరుతుంది. అంకెలు చూస్తే అది చలే కాదు. కానీ తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద నడిచేవాళ్ళను అడగండి. సముద్రం మీది తేమ చొక్కా లోపలికి దూరి, చెమట ఆరేలోపే ఒళ్ళు జలదరిస్తుంది. తొమ్మిదింటికల్లా ఎండ చురుక్కుమంటుంది. పొద్దున వేసుకున్న మందపాటి స్వెటర్ పదింటికి బరువవుతుంది. ఇక నా సంగతి వేరు. నేను మహారాణిపేటలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో పనిచేస్తాను. యంత్రాల కోసం అక్కడ ఏడాది పొడవునా ఏసీ తగ్గించరు. మే నెలలో బయట ఉడికిపోతుంటే లోపల నాకు వేళ్ళు కొంకర్లు పోతాయి. దానికి తోడు, ఏటా రెండు మూడు సార్లు అరకో, లంబసింగో వెళ్తాం. అంటే ఒకే రోజులో మూడు రకాల వాతావరణాలకు సరిపోయే బట్ట నాకు కావాలి. చీరతో బండి మీద వెళ్ళడం ఇబ్బంది. జీన్స్ బిగుతుగా ఉండి గంటలకొద్దీ కూర్చోవడానికి నాకు పడదు. ఇన్నేళ్ళలో దీనికి సరైన జవాబు ఈ స్కర్టే అనిపించింది. దాని గేరులో, అంటే కింద విచ్చుకునే వెడల్పులో, గాలి ఆడుతుంది. లోపల మరో పొర వేసుకున్నా బయటికి తెలియదు, తీసేసినా తెలియదు.

ముందు బట్ట గురించి. ఇది పెడనలో అద్దిన బందరు కలంకారీ. చెక్క అచ్చులతో వేసే పని. అద్దకానికి ముందు బట్టను కరక్కాయ కషాయంలోనూ, పాలలోనూ తడిపి ఆరబెడతారు. పాలలోని జిడ్డు వల్ల రంగు పక్కకు పాకదు. నల్ల గీతలకు తుప్పుపట్టిన ఇనుమును బెల్లంతో ఊరబెట్టిన నీళ్ళు వాడతారు. ఎరుపుకు పటిక అద్ది, రంగునిచ్చే మొక్కల వేళ్ళతో కలిపి ఉడకబెడతారు. నీలానికి నీలిమందు. నీలిమందు తొట్టిలోంచి తీసిన బట్ట మొదట పచ్చగా ఉంటుంది, గాలి తగిలే కొద్దీ కళ్ళముందే నీలంగా మారుతుంది. నా స్కర్టు నీలం ఆకాశనీలం కాదు, నావికాదళం వాళ్ళ ముదురు నీలం కూడా కాదు. సాయంత్రం డాల్ఫిన్ నోస్ కొండ మీద దీపస్తంభం వెలిగే వేళకు సముద్రం ఏ రంగులో ఉంటుందో, సరిగ్గా అది.

దగ్గరగా చూస్తే ఒక్కో పువ్వుకు ఎనిమిది రేకులు. నడుమ ఇటుక ఎరుపు బొట్టు, దాని చుట్టూ ఆవగింజంత చుక్కలు పసుపు రంగులో. ఎడమ మోకాలి దగ్గర ఒకచోట అచ్చు కాస్త జరిగింది. తీగ వచ్చి ఆగిపోయి, బియ్యపుగింజ వెడల్పు వదిలి మళ్ళీ మొదలవుతుంది. కొనేటప్పుడు మా అమ్మాయి అది చూసి "అమ్మా, ఇక్కడ తప్పు పడింది, వేరేది తీసుకో" అంది. నేను తీసుకోలేదు. అచ్చును చేత్తో పట్టుకుని, పిడికిలితో గుద్ది, పక్క గీతకు కలిపి మళ్ళీ పెట్టే మనిషి ఒకరు ఉన్నారనడానికి అది గుర్తు. మరలో ముద్రించిన బట్ట మీద ఆ ఖాళీ ఉండదు. నిజమైన అచ్చు పనో కాదో తేల్చుకోవాలంటే ఇలాంటి అతుకుల కోసమే వెతకండి. బట్ట తిరగేసి చూడండి. వెనక వైపుకు కూడా రంగు ఇంకి కనబడాలి. మరముద్రణలో చాలావరకు వెనక తెల్లగా ఉండిపోతుంది.

కరక్కాయ గురించి ఎందుకు చెప్పానంటే, పైన వేసుకునే వాటి లెక్కంతా అక్కడే ఉంది. ఈ స్కర్టు మీద తెల్లగా కనబడే పూలు నిజానికి తెల్లవి కావు. కరక్కాయ వల్ల బట్టకు లేత పసుపు జీర వస్తుంది, కాబట్టి అవి మీగడ రంగు పూలు. ఇది తెలియక మొదటి డిసెంబరులో దీని మీదకు పాలనురుగు లాంటి తెల్ల స్వెటర్ కొన్నాను. అద్దంలో చూసుకుంటే స్వెటర్ మెరుస్తోంది, స్కర్టు మాసినట్టు ఉంది. తప్పు రెండింటిలోనూ లేదు, ఆ జత పొసగలేదంతే. అదే స్వెటర్ తీసేసి మా నాన్నగారి పాత పొందూరు ఖద్దరు చొక్కా వేసి చూశాను. పూలన్నీ ఒక్కసారిగా విచ్చుకున్నట్టు కనిపించాయి.

ఆ చొక్కా గురించి నాలుగు మాటలు చెప్పాలి. మా పుట్టిల్లు శ్రీకాకుళం వైపు. నాన్నగారు బడికి పొందూరు ఖద్దరే కట్టుకుని వెళ్ళేవారు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసి, చేత్తో వడుకుతారు. ఆ నూలు ఎన్ని ఉతుకులు పడితే అంత మెత్తబడుతుంది. నాన్నగారు పోయాక అమ్మ ఆయన చొక్కాలు మూడు నాకిచ్చింది. రంగు వేయని ఖద్దరు, గోధుమ పిండికీ మీగడకీ నడుమ ఉండే రంగు. ముంజేతులు రెండు మడతలు పెట్టి, అంచుల కొసలు ముందు ముడి వేసి ఈ స్కర్టు మీద వేసుకుంటాను. ఆఫీసులో ఇదే నా రోజువారీ జత. ఏసీ గాలి నేరుగా మెడ మీద పడే కుర్చీ నాది. చలి మరీ ఎక్కువైతే అమ్మ కప్పుకునే గోధుమరంగు ఊలు శాలువాను నిలువుగా నాలుగు మడతలు పెట్టి మెడ చుట్టూ వేసుకుంటాను. శాలువా పూర్తిగా విప్పి కప్పుకుంటే మనిషి మూటలా కనబడుతుంది, స్కర్టు పూలు కూడా దాని కింద దాగిపోతాయి. సన్నగా మడిచి మెడకు చుడితే వెచ్చదనం వెచ్చదనమే, పూలు పూలే.

ఇక్కడ ఒక నియమం నాకు పట్టుబడింది. గేరు ఎక్కువున్న స్కర్టు మీద పై బట్ట పొట్టిగానైనా ఉండాలి, నడుము దగ్గర లోపలికి దోపుకునేలాగైనా ఉండాలి. తొడల వరకు వచ్చే వదులు స్వెటర్ వేస్తే కిందా పైనా రెండూ ఉబ్బిపోయి నడుమన్నదే కనిపించదు. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. నాలాంటి పొట్టివాళ్ళు ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి. పొడవైన స్వెటరే ఇష్టమైతే నడుము మీదుగా సన్నటి తోలు బెల్టు పెట్టండి, సరిపోతుంది.

రంగుల విషయంలో నాకు దారి చూపింది అరకు. రెండో ఏడు నవంబరు చివర్లో ఉదయం ఏడింటికి ముందే బయలుదేరే కిరండూల్ బండి ఎక్కాం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం విశాఖ రేవుకు తేవడానికి వేసిన దారి అది. ఇప్పుడు మనలాంటి వాళ్ళం కిటికీల దగ్గర చోటు కోసం పోటీపడుతున్నాం. 2017లో పెట్టిన అద్దాల పెట్టెలో సీట్లు దొరకలేదు, మామూలు పెట్టెలోనే కూర్చున్నాం. సొరంగాలు మొదలయ్యాక గాలి మారిపోయింది. ఒక్కో సొరంగంలోకి వెళ్ళినప్పుడల్లా చల్లటి రాతి వాసన కిటికీలోంచి లోపలికి కొట్టేది. 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషను దాటాక పిల్లలందరూ టోపీలు బయటికి తీశారు. నేను స్కర్టు కింద నూలు లెగ్గింగ్స్, పైన మెరూన్ రంగు స్వెటర్ వేసుకుని ఉన్నాను. వెచ్చగానే ఉంది. కానీ మెరూన్, ఆ నీలం పక్కపక్కనే నిలబడి రెండూ బరువుగా అనిపించాయి. అరకులో దిగి కొంత దూరం వెళ్ళగానే వలిసె పూల చేలు. కొండవాలంతా పసుపు పరిచినట్టుంది. ఒక గట్టు మీద కూర్చున్నాను. మా ఆయన ఫోటో తీసి చూపించారు. నీలం స్కర్టు, వెనక పసుపు చేను. అప్పుడు తట్టింది, నా స్కర్టు పువ్వు మధ్యలో ఆ పసుపు చుక్కలు ముందు నుంచీ ఉన్నాయని. రోజూ వేసుకునే దాన్ని, ఏడాదిపాటు వాటిని పట్టించుకోలేదు.

తిరిగి వచ్చాక వలిసె పువ్వు రంగు స్వెటర్ కోసం వెతికాను. ఏటా చలికాలంలో రోడ్ల పక్కన గుడారాలు వేసి ఊలు బట్టలు అమ్మేవాళ్ళ దగ్గర దొరికింది. 700 చెప్పారు, 550కి ఇచ్చారు. పొట్టి స్వెటర్, నడుము దగ్గరికే ఆగుతుంది, మెడ గుండ్రంగా ఉంటుంది. మరీ మెరిసే పసుపు కాదు, ఆవపిండిలో కాస్త పసుపు కలిపినట్టు ఉంటుంది. ఈ జతకు వచ్చినన్ని మెచ్చుకోళ్ళు నాకు పెళ్ళిపట్టు చీరకు కూడా రాలేదు. మీ దగ్గర ఏ పూల స్కర్టు ఉన్నా సరే, దాన్ని పరిచి, పెద్ద రంగులు వదిలేసి, అన్నిటికంటే చిన్న చుక్క ఏ రంగులో ఉందో వెతకండి. ఆ రంగులోనే పై బట్ట కొనండి. నేల నీలాన్నే పైనా కొనబోతే ఛాయ ఎప్పుడూ కలవదు, ఒకటి కొత్తదిగా ఒకటి వెలిసినట్టుగా ఉండిపోతాయి.

అసలు పరీక్ష లంబసింగిలో జరిగింది. జనవరి మొదటి వారం. రాత్రి ఒంటిగంటకు కారులో బయలుదేరి నర్సీపట్నం మీదుగా వెళ్ళాం. ఆ ఊరికి కొర్రబయలు అన్న పేరు కూడా ఉంది. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. చెరువులవేనం కొండ కింద కారు దిగేసరికి డ్రైవరు ఫోనులో 8 డిగ్రీలు చూపిస్తోంది. ఆ రోజు నేను వేసుకున్నవి వరసగా చెబుతాను, ఎందుకంటే స్కర్టుతో అంత చలికి వెళ్ళొచ్చా అని చాలామంది అడిగారు. కాళ్ళకు ముందు పల్చటి ఊలు లెగ్గింగ్స్, వాటి మీద మోకాళ్ళ దాకా వచ్చే మేజోళ్ళు, ఆపైన స్కర్టు. ఒంటికి అంటిపెట్టుకునే పొడుగుచేతుల బనియను, దాని మీద ఖద్దరు చొక్కా, దాని మీద పసుపు స్వెటర్, పైన అమ్మ శాలువా. తలకు చెవులు కప్పే ఊలు టోపీ. నడుము పైన నాకు చలి తెలియలేదు. కాళ్ళకు కూడా, స్కర్టు గేరుకూ లెగ్గింగ్స్‌కూ మధ్య నిలిచిన గాలే దుప్పటిలా పనిచేసింది. ప్యాంటుతో వచ్చిన మా ఆయన మోకాళ్ళు రుద్దుకుంటూ నిలబడ్డారు.

ఇబ్బంది అంచు దగ్గర వచ్చింది. కొండ ఎక్కే దారిలో గడ్డి నిండా మంచు. నాలుగు అడుగులు వేయగానే స్కర్టు అంచు జానెడు మేర తడిసి ముద్దయింది. నూలు బట్ట నీళ్ళు పీల్చుకుంటే వదలదు. తడి అంచు నడిచినప్పుడల్లా పిక్కలకు చల్లగా తగులుతుంటే పైనున్న వెచ్చదనమంతా వృథా అయినట్టు అనిపించింది. అక్కడ టీ అమ్ముతున్న ఒకావిడ చూసి, "అంచు పైకి తీసి నడుము దగ్గర దోపుకో అమ్మా, మేం చేలో అలాగే చేస్తాం" అని చెప్పింది. ఒక పక్క అంచు ఎత్తి నడుములో దోపాను. లోపల లెగ్గింగ్స్ ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు, నడక కూడా తేలికయింది. ఆ తర్వాత మబ్బులు కింద లోయలో పాలపొంగులా పరుచుకున్నాయి. సూర్యుడు వచ్చాక అంచు విప్పి ఎండకు ఆరబెట్టుకుంటూ ఆ రాతి మీద చాలాసేపు కూర్చున్నాం. కాన్వాసు బూట్లు వేసుకెళ్ళడం కూడా పొరపాటే. మంచుగడ్డిలో నడవాలంటే తోలు బూట్లే వేసుకోండి.

బీచ్ రోడ్డు నడకకు ఇన్ని పొరలు అక్కర్లేదు. తెల్లవారుజామున అక్కడ వాహనాలు ఆపేస్తారు, కాళీమాత గుడి నుంచి దారంతా నడిచేవాళ్ళదే. నేను స్కర్టు, మామూలు టీ షర్టు, పైన జీన్స్ బట్టతో కుట్టిన పొట్టి జాకెట్ వేసుకుంటాను. జలాంతర్గామి మ్యూజియం దాకా వెళ్ళి తిరిగి వచ్చేసరికి జాకెట్ విప్పి నడుముకు కట్టుకుంటాను. జాకెట్ నీలం, స్కర్టు నీలం కలవవని పైన నేనే రాశాను. జీన్స్ నీలానికి మాత్రం ఆ పట్టింపు లేదు. అదీ నీలిమందు కుటుంబం రంగే కాబట్టి వెలిసినా, ముదిరినా ఈ నీలానికి చుట్టంలాగే ఉంటుంది.

ఇప్పుడు లోపాల సంగతి. మొదటిది నడుము. కొన్నప్పుడు చవకరకం ఎలాస్టిక్ వేసి కుట్టి ఉంది. నాలుగో నెలకే సాగిపోయి స్కర్టు జారడం మొదలుపెట్టింది. అమ్మినవాళ్ళు ఇచ్చిన నంబరుకు మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. అంత మంచి బట్ట మీద పది రూపాయల దగ్గర పొదుపు చేయడం నాకు నిజంగా బాధ కలిగించింది. పెడనలో అచ్చు వేసినవాళ్ళ కష్టానికి కూడా అది మచ్చే. చివరికి మా వీధి చివర దర్జీ దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన పాత ఎలాస్టిక్ విప్పి చూసి, "దీనికి మళ్ళీ ఎలాస్టిక్ వద్దమ్మా. ముందు వైపు పట్టీ, వెనక మాత్రం ఎలాస్టిక్, లోపల బొందు పెడతాను. పదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నారు. 150 రూపాయలు తీసుకున్నారు. ముందు వైపు పట్టీ వచ్చేసరికి పొట్ట దగ్గర కుచ్చులు ఉబ్బడం పోయింది, చొక్కా లోపలికి దోపినా చక్కగా కూర్చుంటోంది. కొత్తది కొన్నా సరే, ముందు ఈ పని చేయించండి.

రెండోది జేబు. ఒకటే ఇచ్చారు, అదీ ఫోను సగం బయటికి కనిపించేంత. రెండో విడత దర్జీ దగ్గరికి వెళ్ళినప్పుడు ఎడమ పక్క కుట్టు విప్పించి లోతైన జేబు పెట్టించాను. ఆఫీసు తాళాలు, ఫోను, చలికి రెండు చేతులు, అన్నీ అందులో పడతాయి.

మూడోది రంగు. నీలిమందు దారం లోపలి దాకా ఇంకదు, పొరలు పొరలుగా దాని పైన కూర్చుంటుంది. కాబట్టి కొత్తలో రాపిడికి ఊడుతుంది. మొదటిసారి మీగడ రంగు లెగ్గింగ్స్ మీద వేసుకుని ఆరేడు గంటలు కూర్చుంటే మోకాళ్ళు, తొడలు నీలంగా మారాయి. ఉప్పునీళ్ళలో నానబెట్టమని అందరూ సలహా ఇచ్చారు. నేనూ నానబెట్టాను, ఈ రంగుకు దానివల్ల లాభం లేదు. వదులుగా ఉన్న పై పొర పోయేదాకా విడిగా, చన్నీళ్ళలో ఉతకడమే దారి. నాకు ఆరు ఉతుకులు పట్టింది. ప్రతి ఉతుకు తర్వాత తెల్ల చేతిరుమాలు తడిపి, స్కర్టు లోపలి వైపు పదిసార్లు రుద్ది చూసేదాన్ని. మొదటిసారి రుమాలు నేరేడుపండు తిన్న నాలుకలా తయారైంది. మూడోసారికి లేత నీలం. ఆరోసారికి దాదాపు తెల్లగానే ఉండిపోయింది. అప్పటి నుంచి లేతరంగు బట్టల పక్కన ధైర్యంగా వేసుకుంటున్నాను. అప్పటిదాకా కింద ముదురు రంగు లెగ్గింగ్సే వేసుకోండి, తెల్ల సోఫా కవర్ల మీద కూర్చోకండి. ఎండలో ఆరేయకండి, తిరగేసి నీడలో ఆరేయండి. ఇప్పుడు నా స్కర్టు మొదటి రోజు కంటే కొంచెం లేతబడింది. నాకైతే ఇప్పటి రంగే ఎక్కువ నచ్చింది, పూలు నేలలో కలిసిపోయి మెత్తగా కనబడుతున్నాయి.

స్వెటర్, శాలువాలను కుంకుడురసంలో ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి, పరిచి ఆరబెడతాను. తీగ మీద వేలాడదీస్తే బరువుకు సాగిపోతాయి. మన సముద్రపు తేమకు ఊలు బట్టలు బీరువాలో ముక్క వాసన పడతాయి కాబట్టి నెలకోసారి నీడలో గాలికి వేసి, ఎండిన వేపాకు పెట్టి మడిచి దాస్తాను.

వర్షాకాలంలో మాత్రం ఈ స్కర్టును వాడకపోవడమే మంచిది. అంత గేరున్న నూలు బట్ట ఆరడానికి రెండు రోజులు పైనే పడుతుంది, ఈలోగా వాసన వస్తుంది. ఇస్త్రీ కూడా తప్పదు. లోపల లైనింగు లేదు, వెలుతురుకు ఎదురుగా నిలబడితే కాళ్ళ నీడ కనబడుతుంది. లెగ్గింగ్స్ వేసుకోని వేసవి రోజుల కోసం లోపల పల్చటి మల్మల్ లంగా విడిగా కుట్టించుకున్నాను. లైనింగును స్కర్టుకే కలిపి కుట్టించవద్దు. రెండూ వేర్వేరుగా కుంచించుకుపోయి అంచు దగ్గర ముడతలు పడతాయి.

ఆన్‌లైన్‌లో ఇలాంటివే అయిదారు వందలకు దొరుకుతున్నాయి కదా అని అడిగేవాళ్ళకు ఒక మాట. మా ఆడపడుచు ఒకటి తెప్పించుకుంది. ఫోటోలో నా దాని కంటే అందంగా ఉంది. పాలిస్టర్ బట్ట. విశాఖలో చెమటకు కాళ్ళకు అంటుకుంటోంది. అరకు పొడి చలిలో ఊలు లెగ్గింగ్స్ మీద వేసుకుంటే చిటపటమంటూ పైకి పాకుతోంది. ఎన్నిసార్లు కిందికి లాగినా అంతే. వానాకాలానికి, ప్రయాణంలో తొందరగా ఆరడానికి అది పనికొస్తుంది, కాదనను. చలికాలానికి, ఏసీ గదికి మాత్రం నూలు స్కర్టు, ఊలు పై బట్ట. ఆ జతను కొట్టేది నాకింకా కనబడలేదు.

కొనేటప్పుడు గేరు కొలిచి చూడండి. అంచు చుట్టుకొలత మూడు మీటర్లకు తగ్గితే లోపల పొరలు వేసుకుని మెట్లెక్కడం కష్టం. నాది మూడు మీటర్లన్నర. నాలుగున్నర దాటితే కూర్చున్నప్పుడు కుప్పగా పడుతుంది, బండి మీద ప్రమాదం కూడా. బండి వెనక కూర్చునేవాళ్ళు ఎంత గేరైనా అంచు పోగుచేసి ఒళ్ళో పెట్టుకోవాలి, చక్రం దగ్గర వదలకూడదు.

మొన్న ఆదివారం ఉతికి ఆరేస్తుంటే అంచు దగ్గర రెండుచోట్ల దారాలు పలచబడి కనిపించాయి. లంబసింగి గడ్డి, కొండరాళ్ళు తిన్న చోటు అది. దర్జీ దగ్గరికి తీసుకువెళ్తే, లోపలికి అంగుళం మడిచి కుట్టమంటారా, వేరే బట్టతో పట్టీ వేయమంటారా అని అడిగారు. మడిస్తే పొడవు తగ్గుతుంది. నాన్నగారి చొక్కాల్లో ఒకటి భుజం దగ్గర చిరిగిపోయి వేసుకోవడానికి లేకుండా ఉంది. దాని వెనక భాగం కత్తిరించి ఇచ్చాను. నీలం అంచు కింద రెండు అంగుళాల మీగడ రంగు ఖద్దరు పట్టీ. శుక్రవారం సాయంత్రానికి ఇస్తానన్నారు. ఈ నెలాఖరుకు అరకు టిక్కెట్లు తీశాం.